ఖాయం గారి జెండాతాడు

మానవజాతి తాళం కనిపెట్టిన ఘట్టాన్ని చరిత్రకారులు ఎక్కడో ఒకచోట రాసే ఉంటారు. తాళం వేశాక దాన్ని పట్టుకుని లాగి చూసిన మొదటి మనిషి ఎవరో మాత్రం ఎవరూ రాయలేదు. ఇది చిన్న లోపం కాదు. తాళం కనిపెట్టినవాడు దొంగకు భయపడ్డాడు, అంతే. లాగి చూసినవాడు తాళానికి కూడా భయపడ్డాడు. నాగరికత అసలు అక్కణ్నుంచే మొదలైందని చెప్పడానికి ఆధారాలు లేవు గాని, కాదని చెప్పడానికీ లేవు.

ఆ మహాపురుషుడి పరంపరలో మన కాలానికి మిగిలిన వారసుడు మా రేవు గుమస్తా. ఆయన తాళం వేస్తాడు, లాగుతాడు, "ఖాయమేనా?" అని తాళాన్నే అడుగుతాడు. వీధి మలుపు దాకా వెళ్లి, తిరిగొచ్చి మళ్లీ లాగుతాడు. పొయ్యి కట్టేశాక దాని ఎదురుగా కాసేపు నిలబడతాడు, అది మనసు మార్చుకుంటుందేమోనని. పెళ్లయిన కొత్తలో ఒకసారి భార్యను తట్టి లేపి, "నిద్రపోయావు కదా, ఖాయమేనా?" అని అడిగాడట. ఈ మాట ఆవిడే చెబుతుంది. ఆయన ఖండించడు. రేవులో ఆయన అసలు పేరు జీతాలిచ్చే వాళ్లకు తప్ప ఇంకెవరికీ అక్కర్లేకపోయింది. అందరికీ ఆయన ఖాయం గారు.

రేవు ఆఫీసంటే నది గట్టున ఒక గది. ముందు టికెట్ల కిటికీ, వెనక ఖాయం గారి కాపురం, రెంటికీ మధ్య బట్టలారేసుకునే దండెం. నది అక్కడ ఎంత వెడల్పంటే అవతలి గట్టు మీద నిలబడ్డ మనిషి చీమంత కనిపిస్తాడు. ఆ గట్టుకూ ఈ గట్టుకూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక లాంచీ తిరుగుతుంటుంది. దాన్ని ఆపేదీ రమ్మనేదీ రేవు ఆఫీసు ముందున్న జెండా. తెల్లజెండా ఎగురుతుంటే రావచ్చు. ఎర్రజెండా ఎగిరితే లాంచీ ఎక్కడుంటే అక్కడే ఆగాలి. ఏ జెండా లేకపోతే సరంగు ఇష్టం, అంటే లాంచీ నడిపేవాడి ఇష్టం. ఫోన్లున్నాయి కదా అనొచ్చు. ఉన్నాయి. గాలి లేవగానే అందరికంటే ముందు పడకేసేవి అవే.

'సరంగు ఇష్టం' అన్న ఆ చివరి నిబంధనలోనే ఖాయం గారి ప్రాణం ఇరుక్కుని ఉంది. ఎందుకంటే ఆ సరంగు ఆయన బావమరిది. ఆయన భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. బావ దేన్నీ నమ్మడు, బావమరిది అన్నిటినీ నమ్ముతాడు. నదిని నమ్ముతాడు, ఇంజన్ని నమ్ముతాడు, తన తలరాతను మరీ నమ్ముతాడు. "గాలి నా చెవి దగ్గరకొచ్చి చెప్పి మరీ వీస్తుంది బావా, నీ గుడ్డముక్క చూసి నడపాలా నేను?" అంటాడు. అయినా ఎర్రగుడ్డ కనబడితే ఆగుతాడు. అక్క ఒట్టు వేయించుకుంది కనుక ఆగుతాడు. గుడ్డ లేకపోతే ఆగడు.

నిరుడు గాలుల కాలంలో పాత కర్రస్తంభం మొదట్లో చెదలు పట్టి, మొదటి గాలికే ఎవరో తోసినట్టు పక్కకు ఒరిగిపోయింది. జెండా లేదు. సరంగు ఇష్టం. సరంగుకు రావాలని ఇష్టమైంది. నడినదిలో లాంచీ ఒకవైపుకు ఎంత వాలిందంటే, గట్టున నిలబడ్డవాళ్లకు దాని కడుపు కనబడింది. నీళ్ల కోసం మెట్లు దిగిన అక్క చేతిలో బిందె అలాగే ఉండిపోయింది. లాంచీ ఎలాగో గట్టుకు చేరింది. బావమరిది దిగి, చొక్కా పిండుకుంటూ, "బావా, టీ ఉందా?" అన్నాడు.

ఆ రాత్రి ఆవిడ భర్తతో ఒకటే మాట అంది.

"వాడికి బుద్ధి లేదండీ. ఉన్న బుద్ధల్లా మీ జెండానే. అది పడితే వాడు పోతాడు."

లోకంలో తాళాలకూ పొయ్యిలకూ సమంగా పంచిపెట్టిన ఖాయం గారి భయమంతా ఆ రోజు నుంచి ఒక్కచోట కుప్పపడింది.

కొత్త స్తంభం కొనడానికి అనుమతి వచ్చింది. స్తంభాలమ్మే మనిషి పెద్ద సంచీ నిండా బొమ్మల కాగితాలతో దిగాడు. పైనుంచి సూపరింటెండెంటు గారు కూడా దయచేశారు.

"ఇది లోపలి తాడు రకం సార్," అన్నాడు స్తంభాల మనిషి, మెరిసే బొమ్మ బల్ల మీద పరిచి. "తాడంతా గొట్టం లోపలే. కంటికి కనబడదు, చప్పుడుండదు. అడుగున చిన్న తలుపు, తలుపుకి తాళం, లోపల తిప్పుకునే పిడి."

తాళం అన్న మాట వినగానే ఖాయం గారి మొహం విప్పారింది. మరుక్షణం ముడుచుకుపోయింది.

"తాడు కనబడదా?"

"అస్సలు కనబడదండీ. అదే దీని అందం."

"అరిగితే?"

"అరగదండీ."

"అరిగితే?"

స్తంభాల మనిషి సూపరింటెండెంటు గారి వైపు చూశాడు. "అరిగితే... స్తంభం దించి, విప్పి చూసుకోవాలి."

"గాలిలోనా?"

"ఏవయ్యా," అన్నారు సూపరింటెండెంటు గారు విసుగ్గా, "ప్రతిదీ కంటితో చూడాలంటే ఎలా? నీ గుండె కూడా లోపలే కొట్టుకుంటోంది కదా, ఎప్పుడైనా తీసి చూసుకున్నావా?"

"అందుకేనండీ, దానికీ భయమే."

రెండో బొమ్మ బయటి తాడు రకం. అందులో అందమేమీ లేదు. నిలువునా ఒక ఇనుప గొట్టం, పైన ఒక కప్పీ, దాని మీదుగా దిగే తాడు, కింద ఆ తాడు చుట్టడానికి రెండు కొమ్ములున్న ఒక ఇనుపముక్క. మొత్తం యంత్రాంగం ఎండలో నిలబడి ఎవరు చూసినా కనబడేట్టు ఉంటుంది.

"కాని ముందే చెబుతున్నా," అన్నాడు స్తంభాల మనిషి, "గాలికి తాడు గొట్టానికి కొట్టుకుని టంగుటంగుమంటుంది. పైగా తాడు బయటే ఉంటుంది కదా, దారినపోయే ఎవడైనా వచ్చి లాగొచ్చు."

ఖాయం గారు బయటి తాడు రకమే కావాలన్నారు. సూపరింటెండెంటు గారు నిట్టూర్చి ఒప్పుకున్నారు. స్తంభం రావడానికి సమయం పట్టింది గాని, 'ఎవడైనా వచ్చి లాగొచ్చు' అన్న ముక్కను మాత్రం ఖాయం గారు ఆ సాయంత్రమే ఇంటికి తీసుకుపోయారు.

గొయ్యి తవ్వడానికి మేస్త్రి వచ్చాడు. మోకాళ్ల లోతు అయ్యాక ఖాయం గారు తొంగి చూసి "ఇంకా" అన్నారు. నడుం లోతయ్యాక "ఇంకా" అన్నారు. ఛాతీ లోతయ్యాక మేస్త్రి గొయ్యిలోంచే తలెత్తి, "బాబాయ్, నిలబెట్టేది స్తంభాన్నా, నన్నా?" అన్నాడు. అక్కడికి ఆపారు. కాంక్రీటు పోసి, బోల్టులు దింపి, గొట్టం నిలబెట్టి, చుట్టూ కర్రలు ఊతం పెట్టారు. మర్నాడు మేస్త్రి వచ్చేసరికి ఖాయం గారు స్తంభాన్ని రెండు చేతులా కౌగిలించుకుని ఊపుతున్నారు.

"ఏం చేస్తున్నారు బాబాయ్!"

"గట్టిపడిందో లేదో..."

"మీరిలా రోజూ కదిపి చూస్తుంటే ఇది ఎప్పటికీ గట్టిపడదు. గట్టిపడిందా అని చూడటమే దీనికి జబ్బు."

ఖాయం గారు చేతులు తీసేశారు. ఆ మాటలోని సత్యాన్ని ఆయన కాంక్రీటుకు మాత్రమే వర్తింపజేసుకున్నారు. మనిషి చేసే తప్పులన్నీ ఇలాంటివే. మంచి మాటను ఎక్కడ విన్నామో అక్కడే వదిలేసి వస్తాం.

స్తంభం గట్టిపడ్డాక, కళ్లు చెదిరే ఎండలో, ఆయన పనిగట్టుకుని లాంచీ ఎక్కి అవతలి గట్టుకు వెళ్లారు. అక్కడ నిలబడి వెనక్కి చూశారు. ఇవతలి గట్టున స్తంభం వెండిపుల్లలా తళతళలాడుతోంది. దాని కొసన తెల్లజెండా. నాలుగు చోట్ల నిలబడి నాలుగు వైపుల నుంచీ చూశారు. ఒక కన్ను మూసుకుని చూశారు.

"కనబడుతోందా?" అన్నాడు బావమరిది, ఇంజను మీద కాలేసుకుని.

"కనబడుతోంది."

"ఖాయమేనా?"

"నోర్ముయ్," అన్నారు బావగారు, కాని ఆ రోజు ఆయన మొహంలో కాస్త వెలుగుంది.

ఆ వెలుగు ఎంతోకాలం నిలవలేదు. తాడు గొట్టానికి కొట్టుకుని టంగుమన్నప్పుడల్లా ఆయనకు అది ఊడిపోతున్నట్టే వినబడేది. చప్పుడు ఆగితే ఊడిపోయినట్టే అనిపించేది. గట్టు మీద మేక కనబడితే తాడు కొరుకుతుందేమోనని తోలేవారు. టికెట్ల కోసం వరసలో నిలబడ్డవాడు ఊరికే చెయ్యి చాచినా కసిరేవారు. టికెట్టిస్తూ ఇస్తూ కిటికీలోంచి సగం బయటికి వాలి స్తంభం వైపు చూసేవారు. చిల్లర తప్పిచ్చేవారు. నడినదిలో వాలిన లాంచీ కడుపు ఆయనకు అన్నం పళ్లెంలో కూడా కనబడేది.

స్తంభాల మనిషి కట్టే పద్ధతి చూపించే వెళ్లాడు. ఇనుప కొమ్ములకు తాడును అటూ ఇటూ అడ్డదిడ్డంగా చుట్టి, చివర ఒక మెలిక తిప్పితే చాలు, ఎంత గాలికైనా ఊడదు, కావాలన్నప్పుడు ఒక్క చేత్తో వస్తుంది. "ఇంకేమీ అక్కర్లేదండీ" అని కూడా అన్నాడు. ఇంకేమీ అక్కర్లేదన్న మాట ఖాయం గారు జన్మలో నమ్మింది లేదు. మెలిక మీద ఒక ముడి వేశారు. లాగారు. ముడి మీద ముడి వేశారు. లాగారు. ఆఫీసు తీసేటప్పుడు ఒకసారి, మూసేటప్పుడు ఒకసారి, అటుగా వెళ్లినప్పుడల్లా ఒకసారి లాగి, "ఖాయమేనా?" అనేవారు. ఆ ముడి రోజురోజుకూ కుంచించుకుపోయి, రేగిగింజంత గట్టిపడింది.

"బావా, జెండా కట్టావా, ఉరేశావా?" అన్నాడు బావమరిది ఒకనాడు దాన్ని వేలితో పొడిచి.

"ముట్టుకోకు!"

"ముట్టుకుంటే మాత్రం వస్తుందా అది? రేపు ఎర్రజెండా ఎక్కించాలంటే స్తంభాన్నే పీక్కుని కొత్తది పాతుకోవాలి."

ఖాయం గారు నవ్వలేదు. బావమరిది మాటలకు భయపడే అలవాటు ఆయనకు ఎప్పుడూ లేదు. భయపడే ఆ ఒక్క అలవాటూ అక్కర్లేని చోట ఉండి, కావలసిన చోట లేకుండా పోయింది.

ఆ తరవాత వారం రోజులూ ముసురు. తాడు నానింది. ఒక పూట ఎండకు ఆరి బిగుసుకుంది. మళ్లీ నానింది. ఒక మధ్యాహ్నం లాంచీ అవతలి గట్టుకు వెళ్లింది. పనుల నుంచి తిరిగొచ్చే జనాన్ని ఎక్కించుకుని సాయంత్రానికి రావాలి. ఖాయం గారు కిటికీలో కూర్చుని ఉండగా, ఆఫీసు కప్పు మీది గాలిమర తిరగడం ఆగిపోయింది. నది కూడా కదలిక మానేసినట్టుంది. నీళ్ల రంగు మారి సీసం రంగుకు వచ్చింది. అప్పుడు గాలిమర ఉన్నట్టుండి వెనక్కి తిరిగింది.

ఫోను తీసి బావమరిదికి చేశారు. లోపల ఏదో గొణిగి అది చచ్చిపోయింది.

ఆయన ఎర్రజెండా చంకలో పెట్టుకుని స్తంభం దగ్గరకు పరుగెత్తారు. ముడి పట్టుకున్నారు. అది రాయి. గోళ్లతో గీకారు, గోరు విరిగింది. తాళంచెవి దూర్చారు, తాళంచెవి వంగింది. పళ్లతో పట్టి లాగారు, పన్ను కదిలింది గాని ముడి కదల్లేదు. ఇన్నాళ్లూ ఆయన తన చేతులారా లాగిన ప్రతి లాగుడూ దానిలోనే ఉంది, ఒక్కటి కూడా వృథా పోలేదు. కాలం కలిసి రాకపోతే తాడే పామై కరుస్తుందంటారు. ఇక్కడ తాడు తాడులాగే ఉండి కరిచింది.

పైన తెల్లజెండా గాలికి పూర్తిగా విచ్చుకుని ఎగురుతోంది. కొత్త అల్లుణ్ని భోజనానికి పిలిచినంత ఆదరంగా, రా, రా, అని అవతలి గట్టును పిలుస్తోంది.

కత్తి ఉంది. తాడు కోసేయొచ్చు. కోస్తే తెల్లజెండా దిగుతుంది, తాడు కొస పైకెళ్లి కప్పీలోంచి జారిపోతుంది, ఇక ఎర్రజెండా ఎక్కదు. ఏ జెండా లేకపోతే సరంగు ఇష్టం. ఆ రెండు మాటలూ గుర్తొచ్చేసరికి ఆయన కత్తి పట్టుకుని స్తంభం ముందు అలా నిలబడిపోయారు.

ఆరేసిన బట్టలు తీయడానికి బయటికొచ్చిన భార్య ఆయన్ని చూసింది. పైన జెండాను చూసింది. బట్టలు అక్కడే పడేసి వచ్చింది.

"ఏమైందండీ?"

"ముడి రావడం లేదు."

"ఎవరు వేశారు?"

ఈ ప్రశ్నకు జవాబు రేవంతటికీ తెలుసు. ఆవిడ నది వైపు తిరిగింది. అవతలి గట్టు లేదు. దాని స్థానంలో బూడిదరంగు వాన ఒకటి గోడలా నిలబడి ఇటు నడిచొస్తోంది.

"వాడు బయల్దేరాడా?"

"కనబడటం లేదు."

"బయల్దేరాడా అండీ!"

"తెలీదే! నాకేం తెలుసు! కనబడటం లేదంటున్నానా!"

ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. తరవాత వెనక్కి పరుగెత్తి, దండెం తాడు రెండువైపులా విప్పేసి, బురదలో ఈడ్చుకుంటూ తెచ్చింది. జెండా పైకొస నుంచి కప్పీ మీదుగా దిగే పాయ ఏదో తడిమి చూసి, ముడికి బాగా పైన, ఆ పాయకు దండెం తాడు కట్టింది. గబగబా కట్టింది. బట్టలు ఆరేసుకునేవాళ్లు కట్టే మామూలు ముడి.

ఖాయం గారి చెయ్యి దానంతటది ఆ ముడి మీదకు పోయింది.

ఆవిడ ఆ చెయ్యి మీద ఫెడీమని కొట్టింది. "లాగారంటే చూడండి! కోయండి ముందు!"

"ఊడితే?"

"ఊడితే ఊడుతుంది. కోయండి!"

ఆయన దండెం ముడికి కింద కోశారు. జెండా కింది పాయను పట్టి దించుతుంటే తెల్లజెండా కుదుపులతో దిగింది, దండెం ముడి పైకి ఎక్కింది. ఆయన జెండాను చూడలేదు. ముడినే చూస్తున్నారు. తను లాగి చూడని ముడి, జీవితంలో మొదటిది, కళ్ల ముందే అందనంత ఎత్తుకు పోతోంది. కప్పీకి జానెడు దూరంలో ఆగింది. టికెట్ల గదిలోని స్టూలు తెచ్చి ఎక్కి, కొక్కేలు తప్పించి, ఎర్రజెండా తగిలించారు. భార్య దండెం తాడు లాగింది. ఎర్రజెండా పైకి వెళ్లింది. అది కొసకు చేరిన క్షణానే వాన వాళ్ల మీద విరుచుకుపడింది.

తాడు కొమ్ముకు చుడదామంది ఆవిడ. ఆయన వదల్లేదు. రెండు అరచేతులకూ మెలేసుకుని, స్తంభానికి భుజం ఆనించి నిలబడ్డారు. ఆవిడ వెనక నుంచి అదే తాడు పట్టుకుంది. వాన చెంపల మీద కొడుతోంది. ఇనుప గొట్టం లోపల ఏదో మూలుగుతోంది. నది ఎక్కడ మొదలయ్యిందో తెలియడం లేదు. ఇంజను చప్పుడు వినబడినట్టయి ఇద్దరూ ఒకేసారి బిగుసుకున్నారు. ఉరుము.

"వాడు చూసుంటాడంటారా?" అంది ఆవిడ, చీకటి పడుతుండగా.

"ఖాయం."

ఆయన ఆ మాటను ప్రశ్నగా కాకుండా అనడం పెళ్లయ్యాక ఆవిడ వినడం అదే మొదలు. ఆవిడకు ధైర్యం రావలసింది. ఏడుపొచ్చింది.

"ఖాయమేనా?" అంది.

ఆయన తాడును ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు.

తెల్లవారాక వాన తగ్గింది. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఆయన అరచేతుల్లో తాడు అచ్చులు ఎర్రగా పడి ఉన్నాయి. చాలాసేపటికి అవతలి గట్టు నుంచి ఒక చుక్క బయల్దేరింది. చుక్క పెద్దదై లాంచీ అయింది. అందులో జనం, బుట్టలు, సైకిళ్లు, చుక్కాని దగ్గర ఒళ్లు విరుచుకుంటూ బావమరిది. దిగీ దిగగానే అక్క వాడి వీపు మీద నాలుగు తగిలించి, అదే చేత్తో తల నిమిరింది.

"ఏంటే, ఏమైంది? రాత్రంతా షెడ్డులో దోమలు పీక్కుతిన్నాయి, ఇక్కడికొస్తే నువ్వు," అని వాడు బావ వైపు తిరిగాడు. "బావా, టీ ఉందా?"

ఖాయం గారు లేచి నిలబడ్డారు. వేలెత్తి పైకి చూపించారు. ఎర్రజెండా తడిసి, గొట్టానికి అతుక్కుని ఉంది.

"చూసే ఆగావు కదా?" అన్నారు. "కనబడింది కదా?"

బావమరిది పైకి చూశాడు. "ఏది, నిన్నటి మాటా? నిన్న ఆ వానలో నాకు నా లాంచీ ముందుకొసే కనబడలేదు బావా. నీ జెండా ఎక్కడ కనబడుతుంది? తెల్లదీ లేదు, ఎర్రదీ లేదు, అసలు స్తంభమే లేదు."

"మరెందుకు ఆగావురా?"

వాడు అక్క వైపు చూడకుండా, తడి చొక్కా అంచు పిండుకున్నాడు.

"భయమేసింది."

టీ పెట్టడానికి ఆవిడ లోపలికి వెళ్లింది. స్తంభం ఇప్పటికీ అక్కడే ఉంది. ఎండ కాసే రోజుల్లో అవతలి గట్టుకు చాలా బాగా కనిపిస్తుంది.